అటక మీది చెక్క కెమెరాతో మొదటి నెగెటివ్ దాకా

పాత ఫొటో స్టూడియోల అటకల మీద టేకు చెక్క కెమెరాలు ఇప్పటికీ బయటపడుతూనే ఉన్నాయి. ఇత్తడి బిగింపులు, హార్మోనియం తిత్తిలా మడతలు పడే నల్లటి బెలోస్, వెనక బొమ్మ పడే గరుకు గాజు, ముందు ఇత్తడి లెన్స్. దక్షిణాదిలో కనిపించే వాటిలో 1940ల నుంచి కేరళలోని అలెప్పీలో తయారైన వాగీశ్వరి కెమెరాలు ఉంటాయి, ఇంగ్లండు నుంచి దిగిన థార్న్‌టన్ పికార్డ్ లాంటివీ ఉంటాయి. చాలావరకు బాగుచేసుకుని వాడుకోగలిగినవే.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ముందే ఖరీదైన షీట్ ఫిల్మ్ (విడి రేకులుగా వచ్చే ఫిల్మ్) డబ్బా కొనేస్తారు. బెలోస్‌కి చిల్లుంటే, గాజు తిరగేసి బిగించి ఉంటే ఆ డబ్బా మొత్తం పోతుంది, తప్పెక్కడుందో కూడా అంతుపట్టదు. అందుకే మొదటి పది ఫొటోలు బ్లాక్ అండ్ వైట్ ప్రింటింగ్ పేపర్ మీద తీయండి. పేపర్‌ని ఎర్రలైటు కింద చూస్తూ కడగొచ్చు, పది నిమిషాల్లో ఫలితం తెలుస్తుంది, పోయినా పెద్ద బాధ ఉండదు.

ముందు కొలతలు

కెమెరాతోపాటు ప్లేట్ హోల్డర్లు, అంటే పేపర్‌నో ఫిల్మ్‌నో వెలుగు తగలకుండా పెట్టే పల్చటి పెట్టెలు, ఉన్నాయో లేదో మొదట చూడండి. మన స్టూడియోల్లో వీటిని డార్క్ స్లైడ్లు అనేవారు. చెక్క కెమెరాలకు హోల్డర్లను దేనికి దానికే అమర్చేవారు కాబట్టి ఒకదానిది ఇంకొకదానికి సాధారణంగా పట్టదు. హోల్డర్ లేని కెమెరా ఎంత చవగ్గా వచ్చినా మొదటి కెమెరాగా తీసుకోవద్దు.

హోల్డర్ లోపలి గూడు కొలిస్తే సైజు తేలుతుంది. క్వార్టర్ ప్లేట్ 3¼ × 4¼ అంగుళాలు, హాఫ్ ప్లేట్ 4¾ × 6½, ఫుల్ ప్లేట్ 6½ × 8½. ఈ సైజు ఫిల్మ్ మామూలు షాపుల్లో దొరకదు, కోసుకోవాల్సిందే. 5 × 7 పేపర్‌ని ఒకవైపు పావు అంగుళం, ఇంకోవైపు అర అంగుళం కత్తిరిస్తే హాఫ్ ప్లేట్ అవుతుంది. 8 × 10 షీటు నుంచి రెండు హాఫ్ ప్లేట్లు గానీ ఒక ఫుల్ ప్లేట్ గానీ వస్తాయి. రెండువైపులా ఒక మిల్లీమీటరు తక్కువే కోయండి. సరిగ్గా కోస్తే గూట్లో బిగుసుకుని మధ్యలో ఉబ్బుతుంది.

ఈ హోల్డర్లు గాజు ప్లేట్ల కోసం చేసినవి. వెనకున్న స్ప్రింగు ప్లేటుని ముందు అంచుకి ఆనేలా నొక్కుతుంది. పల్చటి పేపర్ ఒక్కటే పెడితే అది వదులుగా వేలాడి ఫోకస్ పోతుంది. అదే సైజుకి కోయించిన 2 మిల్లీమీటర్ల గాజు ముక్కని పేపర్ వెనక పెట్టండి. పేపర్ నిగనిగలాడే వైపు లెన్స్‌కి ఎదురుగా ఉండాలి.

బెలోస్, గాజు

రాత్రి గదిలో లైట్లన్నీ ఆర్పి, లెన్స్ బోర్డు (లెన్స్ బిగించిన పలక) తీసి, చిన్న ఎల్‌ఈడీ టార్చి బెలోస్ లోపల పెట్టండి. ఆ కంతని గుడ్డతో మూసి, బెలోస్‌ని పూర్తిగా సాగదీయండి. అయిదు నిమిషాలు కళ్లు చీకటికి అలవాటుపడ్డాక చుట్టూ తిరిగి చూడండి. చిల్లులు దాదాపు ఎప్పుడూ మడతల మూలల్లోనే ఉంటాయి, సూదిమొన అంత చుక్క నక్షత్రంలా మెరుస్తుంది. ప్రతిదాని పక్కనా సుద్దతో గుర్తు పెట్టుకోండి. ఫెవికాల్‌లో నల్ల యాక్రిలిక్ రంగు కలిపి బ్రష్‌తో పల్చగా రెండు పూతలు వేయండి. పెద్ద చిరుగైతే లోపలి నుంచి పల్చటి నల్లగుడ్డ అతికించండి. సాగదీసే ఉంచి ఒక రోజంతా ఆరనిచ్చి, పూత మీద కాస్త టాల్కం పౌడర్ అద్దితే మడతలు అంటుకోవు. కరెంటు పనికి వాడే ఇన్సులేషన్ టేపు జోలికి పోవద్దు. ఎండకి దాని జిగురు కరిగి మడతలన్నీ ముద్దవుతాయి.

వెనక గాజు పగిలి ఉంటే కొత్తది చేసుకోవడం సులువే. 2 మిల్లీమీటర్ల కిటికీ గాజు మీద 400 నంబరు కార్బోరండం (గాజుని అరగదీసే) పొడి చెంచాడు వేసి, నీళ్లు చిలకరించి, ఇంకో చిన్న గాజు ముక్కతో గుండ్రంగా రుద్దాలి. మొదట కరకరమని పెద్ద శబ్దం వస్తుంది. పొడి నలిగేకొద్దీ అది బుసబుసగా మారుతుంది. అప్పుడు కడిగి మళ్లీ పొడి వేయండి. అరగంటలోపు గాజంతా పాలమీగడ రంగుకి తిరుగుతుంది. బిగించేటప్పుడు గరుకు వైపు లెన్స్ వైపుకే ఉండాలి. తిరగేస్తే గాజు మందమంత తేడాతో ఫోకస్ తప్పుతుంది. అప్పుడు తీసిన ప్రతి ఫొటో కొంచెం మసకగా వస్తుంటే చాలామంది లెన్స్‌ని తిడతారు.

లెన్స్

ఇత్తడి లెన్సుల్లో తరచుగా కనిపించేది రాపిడ్ రెక్టిలీనియర్. హాఫ్ ప్లేట్‌కి 8 అంగుళాల లెన్స్ సహజమైన చూపునిస్తుంది. ఫోకల్ లెంగ్త్ (దూరపు బొమ్మ స్పష్టంగా పడేటప్పుడు లెన్స్‌కి, గాజుకి మధ్య దూరం) లెన్స్ మీద చెక్కి లేకపోతే దూరంగా ఉన్న నీళ్ల ట్యాంకు మీద ఫోకస్ చేసి, లెన్స్ మధ్యలోని ఎపర్చర్ (వెలుగు దూరే కంత) చీలిక నుంచి గాజు దాకా కొలవండి.

ఆ చీలికలో పెట్టే, కంతలున్న ఇత్తడి రేకుల్ని వాటర్‌హౌస్ స్టాపులంటారు. అవి పోయి ఉంటే నల్ల అట్టతో చేసుకోవచ్చు: ఫోకల్ లెంగ్త్‌ని ఎఫ్ నంబరుతో భాగిస్తే కంత వ్యాసం వస్తుంది. 8 అంగుళాలంటే 203 మిల్లీమీటర్లు. ఎఫ్/16కి 12.7, ఎఫ్/32కి 6.3, ఎఫ్/45కి 4.5 మిల్లీమీటర్లు. కొన్ని పాత లెన్సుల మీద యు.ఎస్. (యూనిఫామ్ సిస్టమ్) అనే వేరే లెక్క ఉంటుంది. అందులో 4 అంటే ఎఫ్/8, 8 అంటే ఎఫ్/11, 32 అంటే ఎఫ్/22, 64 అంటే ఎఫ్/32. రెండు లెక్కలూ కలిసేది 16 దగ్గర మాత్రమే. ఇది తెలియకపోతే ఎక్స్‌పోజర్ (పేపర్‌కి ఇచ్చే వెలుగు) ఎందుకు తప్పుతోందో ఎన్నాళ్లకీ దొరకదు.

షట్టర్ ఉంటే దాని స్పీడ్లు నమ్మకండి. ఫోన్‌లో సెకనుకి 240 ఫ్రేముల స్లో మోషన్ వీడియో తీసి, వెలుతురు కనిపించిన ఫ్రేములు లెక్కపెట్టండి. 24 ఫ్రేములుంటే అది పదోవంతు సెకను. షట్టర్ లేకపోతే లెన్స్ మూతే షట్టర్. చేత్తో మూత తీసి పెట్టడం సెకనుకంటే తక్కువలో నమ్మకంగా కుదరదు. పేపర్‌తో మొదలుపెట్టడానికి ఇదింకో కారణం, దాని స్పీడు (వెలుగుకి స్పందించే వేగం) తక్కువ, ఐఎస్ఓ లెక్కలో 6 దగ్గరే ఉంటుంది. పొద్దున తొమ్మిదికి మంచి ఎండలో ఎఫ్/45 దగ్గర సెకను పైచిలుకు, ఎండ పడని వరండాలో పది సెకన్లు పెట్టి చూడండి.

పేపర్‌కి నీలం వెలుగే బాగా కనిపిస్తుంది, ఎరుపు అసలు కనిపించదు. నెగెటివ్‌ని తిరగేసి చూస్తే కుంకుమ బొట్టు నల్లచుక్కగా, ఆకాశం తెల్లకాగితంలా వస్తాయి. సాయంత్రం ఎండ పచ్చబడ్డాక వెలుగు కొలిచే మీటరు చెప్పిన దానికి రెట్టింపైనా ఇవ్వాలి.

దగ్గరి వస్తువులు తీసేటప్పుడు బెలోస్ సాగుతుంది, గాజుకి చేరే వెలుగు తగ్గుతుంది. లెన్స్ నుంచి గాజు దాకా ఉన్న దూరాన్ని ఫోకల్ లెంగ్త్‌తో భాగించి, వచ్చినదాన్ని దానితోనే గుణించండి. 8 అంగుళాల లెన్స్ 11 అంగుళాలకి సాగితే దాదాపు రెట్టింపు సమయం, 16కి సాగితే నాలుగింతలు.

ఫొటో తీసే వరస

ట్రైపాడ్ మీద కెమెరాని మట్టంగా నిలిపి, కదిలే భాగాలన్నీ మధ్యకి తెచ్చి బిగించండి. లెన్స్ పూర్తిగా తెరిచి, నల్లబట్ట కప్పుకుని చూస్తే గాజు మీద బొమ్మ తలకిందులుగా, కుడిఎడమలు మారి కనిపిస్తుంది. గుడి గోపురం పూర్తిగా పట్టకపోతే కెమెరాని పైకి వంచకండి, గోడలు లోపలికి వాలిపోతాయి. లెన్స్ బోర్డుని పైకి జరపండి. గాజు కింది అంచు దగ్గర తెగిపోయిన కలశం మెల్లగా లోపలికొస్తుంది. మరీ జరిపితే మూలలు నల్లబడతాయి, అక్కడ ఆగాలి. తర్వాత భూతద్దంతో ఫోకస్ సరిచేసి, స్టాపు వేసి, ఇంకోసారి చూడండి.

ఇక్కణ్నుంచి వరస తప్పకూడదు. లెన్స్ మూయాలి. హోల్డర్ పెట్టి, పూర్తిగా కూర్చుందో లేదో వేలితో తడమాలి. హోల్డర్ పలక లాగాలి. బెలోస్ ఊగడం ఆగేదాకా అయిదు సెకన్లు నిలబడి, మూత తీసి, లెక్కపెట్టి, మూయాలి. పలక తిరిగి వేసి, తీసిన వైపు పెన్సిల్‌తో గీత పెట్టాలి. ఆ గీత పెట్టనివాళ్లకి ఒకే పేపర్ మీద రెండు బొమ్మలు తప్పవు.

కడగడం

బాత్రూమ్‌లో ఎర్రలైటు పెట్టుకునే ముందు ఒక పరీక్ష చేయండి: పేపర్ ముక్క మీద రూపాయి బిళ్ల పెట్టి అయిదు నిమిషాలుంచి డెవలప్ చేయండి. బిళ్ల ఆకారం కనిపిస్తే ఆ లైటు పనికిరాదు.

నెగెటివ్‌గా వాడే పేపర్‌కి కాంట్రాస్ట్ ఎక్కువ. అందుకని పేపర్ డెవలపర్‌లో (బొమ్మని తేల్చే ద్రావణంలో) డబ్బా మీద రాసినదానికి రెట్టింపు నీళ్లు కలపండి. ట్రే ఊపుతూ రెండు మూడు నిమిషాలు, తర్వాత డెవలపర్ పనిని ఆపే స్టాప్ బాత్‌లో అర నిమిషం, బొమ్మని నిలిపే ఫిక్సర్‌లో నిమిషం, ప్లాస్టిక్ పూత పేపరైతే పారే నీళ్లలో రెండు నిమిషాలు. ఆరాక ఫోన్‌తో తీసి రంగులు తిరగేస్తే బొమ్మ చూసుకోవచ్చు. అంతా నల్లగా ఉంటే ఎక్స్‌పోజర్ ఎక్కువ, తెల్లగా ఉంటే తక్కువ. ఒక మూల నుంచి నల్లటి చార వస్తే హోల్డర్ గానీ బెలోస్ గానీ కారుతోంది. చార ప్రతి ఫొటోలో ఒకేచోట ఉంటే ముందు హోల్డర్ మార్చి చూడండి.

పది పేపర్లు సవ్యంగా వచ్చాక ఎక్స్‌రే ఫిల్మ్‌కి వెళ్లండి. ఆకుపచ్చ వెలుగుకి స్పందించే రకాన్ని ఐఎస్ఓ 80గా లెక్కేసుకుని మొదలుపెట్టండి. నీడలో ఎఫ్/45 దగ్గర సెకను లోపే అయిపోతుంది కాబట్టి మూతతో తీయాలంటే వెలుతురు తగ్గిన సాయంత్రమే మేలు. ఎర్రలైటు కిందే కోయొచ్చు, కడగొచ్చు. చాలా రకాలకి వెలుగుకి స్పందించే మందు పూత రెండువైపులా ఉంటుంది, తడిస్తే గోరు తగిలినా గీత పడుతుంది. ట్రే అడుగున నున్నటి గాజు పలక పరిచి ఒకసారికి ఒక్క షీటే కడగండి. డెవలపర్‌గా రొడినాల్ ఒక వంతుకి నూరు వంతుల నీళ్లు, 20 డిగ్రీల దగ్గర ఆరు నుంచి ఎనిమిది నిమిషాలు.

మన ఎండాకాలంలో కుళాయి నీళ్లు 30 దాటుతాయి. ఆ వేడికి మందు మెత్తబడి అంచుల దగ్గర జాలీలా లేస్తుంది. ట్రేని పెద్ద బేసిన్ నీళ్లలో నిలిపి, చుట్టూ పాలిథిన్ సంచుల్లో ఐసు వేయండి. ఐసుని డెవలపర్‌లోనే వేస్తే అది పల్చబడిపోతుంది. ఫిక్సర్, ఆఖరి కడుగు నీళ్లు కూడా డెవలపర్ వేడికి రెండు మూడు డిగ్రీల్లోపే ఉండాలి. ఆరబెట్టేటప్పుడు ఒక్క మూలకి క్లిప్పు పెట్టి ఫ్యాన్ ఆపేసిన గదిలో వేలాడదీయండి.

వానాకాలంలో లెన్స్‌ని తోలు పెట్టెలో ఉంచితే బూజు పడుతుంది. విప్పి, మూత బిగించే డబ్బాలో సిలికా జెల్‌తో పెట్టండి. బెలోస్‌ని నెలకోసారి పూర్తిగా సాగదీసి, గంటసేపు నీడలో గాలి తగలనివ్వండి.