ఒంగోలుకి స్కానింగ్‌కి వెళ్తున్నారా?
కనిగిరి వైపు నుంచి నడుం నొప్పితో ఒంగోలు బయల్దేరేటప్పుడు పాత ఎక్స్‌రేలు, రిపోర్టులు అన్నీ సంచిలో పెట్టుకోండి, ఎందుకంటే కొత్త ఫిల్ము పక్కన పాతది పెట్టి చూస్తేనే కిడ్నీలో రాయి పెరిగిందా, కిందికి జారిందా అన్నది డాక్టరుకు తేలిగ్గా తెలుస్తుంది. కడుపు అల్ట్రాసౌండ్‌కి సాధారణంగా 6 గంటలు ఏమీ తినకూడదు, మూత్రాశయం చూడాలంటే నీళ్లు తాగి ఆపుకోవాలి. రాళ్ల కోసం తీసే సీటీ స్కాన్‌కి మామూలుగా ఇంజెక్షన్ అక్కర్లేదు. స్కాన్‌లో లోపలి భాగాలు స్పష్టంగా కనపడటానికి నరానికి కాంట్రాస్ట్ మందు ఎక్కిస్తామంటే మాత్రం, కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష చూశారా అని మొహమాటపడకుండా అడగండి. ఫ్లోరైడ్ నీళ్లు, కిడ్నీ జబ్బులు ఉన్న మన పల్లెల వాళ్లు ఇది అడిగి తీరాలి. షుగరుకి మెట్‌ఫార్మిన్ వాడుతుంటే అదీ చెప్పండి. గర్భం అనుమానముంటే ఎక్స్‌రే గదిలోకి వెళ్లకముందే చెప్పాలి. వచ్చేటప్పుడు రిపోర్టుతో పాటు సీడీ కూడా అడిగి తీసుకోండి.