తుపాన్ల నెలలు రాకముందే: విండోస్, ఉబుంటు రెండూ ఉన్న కంప్యూటర్‌కు జాగ్రత్తలు

సెప్టెంబర్ దాటితే శ్రీకాకుళం తీరానికి వాయుగుండాల బెడద మొదలవుతుంది. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కరెంటు స్తంభాలు వరసగా కూలిపోయి ఊళ్లకు ఊళ్లు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. అలాంటి రోజుల తర్వాత రెండు ఓఎస్‌ల (ఆపరేటింగ్ సిస్టమ్‌ల) కంప్యూటర్ లేవకపోవడానికి సాధారణంగా మూడే కారణాలు: అప్‌డేట్ మధ్యలో కరెంటు పోవడం, మదర్‌బోర్డు బ్యాటరీ అయిపోవడం, ఆ తర్వాత కంగారులో ఏదో ఒకటి నొక్కేయడం. మూడింటికీ ముందే సిద్ధపడవచ్చు.

మొట్టమొదట విండోస్‌లో డిస్క్‌కు తాళం వేసే బిట్‌లాకర్ సంగతి. విండోస్ 11 ల్యాప్‌టాప్‌లు చాలావాటిలో మీరు పెట్టకపోయినా డిస్క్‌కు తాళం పడి ఉంటుంది. బయోస్‌లో, అంటే ఓఎస్ కంటే ముందు నడిచే మదర్‌బోర్డు సెట్టింగుల్లో, చిన్న మార్పు జరిగినా 48 అంకెల రికవరీ కీ అడగవచ్చు. అది మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉంటుంది గానీ, తుపాను తర్వాత సిగ్నల్ ఎక్కడుంటుంది? ఈరోజే చూసి కాగితం మీద రాసి, రేషన్ కార్డు పెట్టుకునే చోట పెట్టండి.

తర్వాత 16 జీబీ పెన్‌డ్రైవ్‌లో ఉబుంటు లైవ్ (పెన్‌డ్రైవ్ నుంచే నడిచే ఉబుంటు) చేసుకోండి. చేసి ఊరుకోకుండా ఒకసారి దాంతో కంప్యూటర్ లేపి చూడండి. బూట్ మెనూ మీట ఒక్కో కంపెనీది ఒక్కోలా ఉంటుంది. ఎఫ్12, ఎఫ్9, ఎస్కేప్‌లలో మీది ఏదో పెన్‌డ్రైవ్ మీదే చీటీ అంటించండి. ముఖ్యమైన ఫైళ్లు వేరే డిస్క్‌లోకి కాపీ చేయండి.

విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఉంటే షట్‌డౌన్ చేసినా అది పూర్తిగా ఆగదు, సగం నిద్రలో ఉంటుంది. ఆ స్థితిలో ఉబుంటు నుంచి విండోస్ భాగంలో ఏదైనా రాస్తే ఫైళ్లు పాడవవచ్చు. పవర్ ఆప్షన్స్‌లో పవర్ బటన్ల పేజీ తెరిచి ఆ టిక్ తీసేయండి.

నాలుగైదేళ్లు దాటిన డెస్క్‌టాప్ అయితే మదర్‌బోర్డు మీదుండే సీఆర్2032 బ్యాటరీ మార్చేయండి. రూపాయి బిళ్లంత ఉండే 3 వోల్టుల సెల్ అది. ప్లగ్‌లో కరెంటు ఉన్నంతసేపు దాని నీరసం బయటపడదు. నాలుగు రోజులు కరెంటు లేకపోతే బయోస్ సెట్టింగులు మొదటికొస్తాయి. బూట్ వరుస మారుతుంది, డిస్క్ మోడ్ మారితే విండోస్ నీలి తెర చూపిస్తుంది, తేదీ తప్పి వెబ్‌సైట్లు తెరుచుకోవు. మార్చేటప్పుడు ప్లగ్ పీకి, పక్కనున్న క్లిప్ నొక్కితే సెల్ పైకి లేస్తుంది. కొత్తది ప్లస్ గుర్తు పైకి ఉండేలా పెట్టండి. దానికి ముందు బయోస్‌లో బూట్, డిస్క్ మోడ్, సెక్యూర్ బూట్ పేజీలను ఫోన్‌తో ఫొటో తీసుకోండి. ఈ మూడు ఫొటోలూ ఉంటే సగం పని అయిపోయినట్టే.

తుపాను హెచ్చరిక వచ్చాక రెండు ఓఎస్‌లలోనూ అప్‌డేట్లు ఆపేయండి. బూట్ ఫైళ్లుండే ఈఎఫ్‌ఐ భాగం ఫ్యాట్32 అనే పాత ఫైల్ పద్ధతిలో ఉంటుంది. మధ్యలో ఆగిన రాతను సరిదిద్దుకునే చిట్టా దానికి లేదు, అందుకే అక్కడ కరెంటు కోత ఎక్కువ దెబ్బ తీస్తుంది. ఇన్వర్టర్ ఉంటే యూపీఎస్ మోడ్‌లో ఉంచండి. మామూలు మోడ్‌లో కరెంటు మారే ఆ క్షణానికే డెస్క్‌టాప్ రీస్టార్ట్ కావచ్చు. ఉరుములు మొదలైతే పవర్ ప్లగ్‌తో పాటు ఇంటర్నెట్ కేబుల్ కూడా తీసేయండి.

కరెంటు వచ్చాక వోల్టేజీ నిలకడగా ఉందనిపించేదాకా ఆగి ఆన్ చేయండి. తెర మీద ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ (initramfs) అన్న మాట వచ్చి ఆగిందంటే భయపడకండి, ఉబుంటు డిస్క్ పరీక్ష కోరుతోంది. పై వరుసల్లో పార్టిషన్ (డిస్క్ భాగం) పేరు ఉంటుంది. ఎఫ్‌ఎస్‌సీకే (fsck) అని ఇంగ్లిష్‌లో టైప్ చేసి, ఖాళీ వదిలి హైఫన్ వై (-y), మళ్లీ ఖాళీ వదిలి ఆ పేరు పూర్తిగా కొట్టి ఎంటర్ నొక్కండి. అయ్యాక రీబూట్ చేయండి. అదే తెర మళ్లీ మళ్లీ వస్తుంటే డిస్కే పోతోందని అనుమానించి, ముందు లైవ్ పెన్‌డ్రైవ్‌తో ఫైళ్లు బయటికి తీయండి.

ఏ ఓఎస్ కావాలో అడిగే గ్రబ్ మెనూ లేకుండా నేరుగా విండోస్ వస్తే ఉబుంటు పోలేదు, వరుస మారింది. బయోస్‌లో ఉబుంటు పేరును పైకి జరిపితే చాలు. ఆ పేరే లేకపోతే లైవ్‌తో లేపి గ్రబ్‌ను తిరిగి ఇన్‌స్టాల్ చేయాలి. ఈలోగా విండోస్ ఏ డ్రైవ్‌నైనా చూపించి ఫార్మాట్ చేయాలా అని అడిగితే క్యాన్సిల్ నొక్కండి, అది చదవలేకపోతున్నది మీ ఉబుంటు భాగం కావచ్చు.