బాణం పొట్టిదైతే పట్టిన చేతికే ముప్పు

వేసవి సెలవుల్లో విల్లు పట్టాలనుకునే కుర్రాళ్లకు, వాళ్లకు కొనిపెట్టే పెద్దవాళ్లకు ఈ నాలుగు మాటలు. ముందుగా ఒక సంగతి. పెట్టె మీద ‘హంటింగ్ బో’ అని ఉన్నా దాన్ని వేటకు వాడకూడదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అడవి జంతువులను చంపడమే కాదు, పట్టుకోవడం, తరమడం, అందుకు ప్రయత్నించడం కూడా వేట కిందికే వస్తాయి. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో జీడితోటలోకి ఎలుగుబంటి వచ్చిందని తెలిస్తే అటవీ శాఖకు ఫోన్ చేయండి. విల్లు తీసుకుని వెళ్లకండి. గాయపడిన ఎలుగు ఊరి మీద పడితే ఆపడం ఎవరి తరమూ కాదు. గురి సాధనకు మాత్రమే వాడేవాళ్ల కోసం మిగతాది చెబుతున్నాను.

విల్లు కొనేటప్పుడు అందరూ అది ఎన్ని పౌండ్లదో, అంటే నారి లాగడానికి ఎంత బలం కావాలో అడుగుతారు. బాణం ఎంత పొడవుండాలో అడిగేవాళ్లు తక్కువ. నిజానికి మొదట అడగాల్సింది అదే. బాణం పొట్టిదైతే, నారి పూర్తిగా లాగేసరికి దాని మొన రెస్ట్ (విల్లు మీద బాణం ఆనే చోటు) దాటి వెనక్కి జారుతుంది. అప్పుడు వదిలితే బాణం విల్లుకు గుద్దుకుని పగలొచ్చు, లేదా విల్లు పట్టిన చేతిలోనే దిగొచ్చు. కార్బన్ బాణమైతే సూదుల్లాంటి ముక్కలుగా చీలిపోతుంది. మిగతా పొరపాట్లకు గురి తప్పుతుంది, ఈ పొరపాటుకు చెయ్యి పోతుంది. లాగుతుండగా మొన జారిందని తెలిస్తే నారి వదలకండి. మెల్లగా వెనక్కి దించేయండి.

కొలత తేలికే. గోడకు ఆనుకుని రెండు చేతులూ చాపి నిలబడితే ఈ చేతి మధ్యవేలి కొస నుంచి ఆ చేతి మధ్యవేలి కొసకు వచ్చే బారను అంగుళాల్లో కొలిచి 2.5తో భాగించండి. మీరు నారి లాగే దూరం సుమారుగా తెలుస్తుంది. బార 65 అంగుళాలుంటే 26 వస్తుంది. కొత్తగా నేర్చుకునేవారు దానికి కనీసం రెండు అంగుళాలు కలిపి 28 అంగుళాల బాణం తీసుకోవాలి. బార 57 ఉన్న పిల్లాడికి లెక్క దాదాపు 23 వస్తుంది, అతనికి 25 సరిపోతుంది. కానీ పిల్లలు ఎదుగుతారు కాబట్టి నేనైతే 26 తీసుకోమంటాను. బాణం పొడవును నాక్ (బాణం వెనక నారికి తగిలించే ముక్క) గాడి అడుగు నుంచి కర్ర చివరి వరకు కొలుస్తారు, మొనను లెక్కలోకి తీసుకోరు. దుకాణంలో ఈ తేడా అడిగి తెలుసుకోండి.

బార లెక్క ఒక అంచనా మాత్రమే. మొదటి వారాల్లో భుజం బిగుసుకుని తక్కువ లాగినవాళ్లు, నిలబడే తీరు కుదిరాక ఇంకో అంగుళం దాకా ఎక్కువ లాగుతారు. కప్పీలున్న కాంపౌండ్ విల్లు లాగుతుంటే ఒక చోట ఆగిపోతుంది. కొసలు ముందుకు వంగి ఉండే రికర్వ్‌ విల్లుకు, వెదురు విల్లుకు ఆ ఆపు లేదు, చెయ్యి సాగినంత మేరా లాగొచ్చు. అందుకే తేలిక విల్లుకు పొడవాటి బాణం ఎక్కించి, లక్ష్యం వైపే చూపిస్తూ నిండుగా లాగండి. పక్కన నిలబడినవారు విల్లు ముందు అంచు దగ్గర కర్ర మీద పెన్నుతో గీత పెట్టాలి. ఆ గీత దాటి ఇంకా కనీసం రెండు అంగుళాలు మిగిలితేనే ఆ బాణం మీది.

ఇళ్లలో ఎక్కువ ప్రమాదం ఇచ్చిపుచ్చుకోవడంలోనే ఉంది. తమ్ముడి కోసం కొన్న 25 అంగుళాల బాణాన్ని ‘ఒక్కసారి ఇవ్వరా’ అని పొడుగాటి అన్నయ్యో, మావయ్యో అందుకుంటాడు. విల్లు ఎవరైనా పట్టుకోవచ్చు, బాణం మాత్రం ఎవరిది వాళ్లదే. ఈకల రంగు మార్చండి, లేదా ఒక్కొక్కరి బాణాలకు ఒక్కో రంగు టేపు చుట్టండి. పొడవు తెలియని బాణం దొరికితే వాడకండి.

అలాగని మరీ పొడవైనది తీసుకుంటే మేలని కాదు. కర్ర పొడవు పెరిగేకొద్దీ ఎక్కువ వంగుతుంది, బాణం పక్కకు పోతుంది. బాణం మీద 500 అని ఉంటే, 28 అంగుళాల ఎడంలో రెండు ఆధారాల మీద పెట్టి మధ్యలో 880 గ్రాముల బరువు వేలాడదీస్తే అది అర అంగుళం వంగుతుందని అర్థం. అంకె తగ్గేకొద్దీ బాణం గట్టిది. అయినా పొట్టిది, పొడవైనది రెండింటిలో ఏదో ఒకటి తప్పదంటే పొడవాటిదే తీసుకోండి. గురి సంగతి తర్వాత సరిచేసుకోవచ్చు. మరీ తేలికైన బాణం కూడా వద్దు. బాణం బరువును గ్రెయిన్లలో చెబుతారు; విల్లు బలంలో ఒక్కో పౌండుకు అది 5 గ్రెయిన్ల కంటే తగ్గకూడదు, అంటే 40 పౌండ్ల విల్లుకు కనీసం 200 గ్రెయిన్లు, దాదాపు 13 గ్రాములు. అంతకంటే తేలికైతే దెబ్బ విల్లుకే తగులుతుంది.

వెడల్పాటి పదును ములికి ఉన్న బాణాలు సాధనకు అక్కర్లేదు. పెట్టెతోపాటు వస్తే తీసి తాళం వేయండి. పిడికిలి మీదే బాణం ఆనించి వదిలే వెదురు విల్లుకు అయితే ఆ ములికి వేళ్లకు తగిలే ప్రమాదం ఇంకా ఎక్కువ. బాణం పొడవు కత్తిరించాలంటే ఇంట్లో రంపంతో కోయకండి, కర్ర చివర చీలుతుంది. కార్బన్ పొడి ఊపిరితిత్తులకు చెరుపు.

చోటు కూడా ముఖ్యం. ఏప్రిల్, మే నెలల్లో జీడితోటల్లో చెట్ల కింద గింజలు ఏరే ఆడవాళ్లుంటారు, అక్కడ వద్దే వద్దు. ఎండిన చెరువులో గట్టు వైపు వేయడం మంచిదే, కానీ గట్టు వెనక పశువులు మేస్తున్నాయేమో ఎక్కి చూసి రండి. 30 పౌండ్ల విల్లు వదిలిన బాణం కూడా వంద మీటర్లు దాటిపోగలదు. లక్ష్యానికి గోనెసంచుల్లో పాత బట్టలు కుక్కి పెట్టండి. పశువులు తినే గడ్డివాము మీద వేయకండి. విరిగిన ముక్క గడ్డిలో ఉండిపోతే అది ఆవు కడుపులోకి పోతుంది.

ప్రతిసారీ వేసే ముందు కార్బన్ కర్రను కొద్దిగా వంచి, తిప్పి, చెవి దగ్గర పెట్టి వినండి. చిటపట వినిపిస్తే ఆ బాణం అక్కడికక్కడే విరిచేయండి, ఇంకెవరూ ఎత్తుకోకుండా. ఎవరికైనా చేతిలో ముక్క దిగితే లాగకండి, కదలకుండా గుడ్డ చుట్టి ఆసుపత్రికి తీసుకెళ్లండి. అది కార్బన్ అని డాక్టర్‌కు తప్పకుండా చెప్పండి, ఎక్స్‌రేలో సరిగా కనిపించకపోవచ్చు. మిగిలిన బాణం ముక్కను కూడా వెంట పట్టుకెళ్లండి.