ఎస్‌ఎన్‌సీయూలో (నవజాత శిశువుల ప్రత్యేక సంరక్షణ యూనిట్‌లో) మందు తప్పులు దాచకుండా చెప్పుకునే అలవాటు ఎలా తేవాలి

కిలోన్నర బిడ్డకు జెంటామైసిన్ అనే యాంటీబయాటిక్ కిలోకు 5 మి.గ్రా. చొప్పున ఆర్డరు ఉందనుకోండి. ఇవ్వాల్సింది 7.5 మి.గ్రా. చేతికొచ్చేదేమో చాలాసార్లు పెద్దవాళ్ల ఆంప్యూల్, 2 మి.లీ.లో 80 మి.గ్రా. కేస్ షీటులో 7.5 మధ్య చుక్క కనబడక 75 అని చదివితే దాదాపు ఆంప్యూల్ మొత్తం సిరంజిలోకి వస్తుంది. పెద్దవాళ్లకు పదింతలు ఇవ్వాలంటే పది ఆంప్యూళ్లు పగలగొట్టాలి, అక్కడ చెయ్యి దానంతటదే ఆగుతుంది. ఇక్కడ ఒక్కటే సరిపోతుంది, అనుమానమే రాదు. దెబ్బ పడేది బిడ్డ కిడ్నీల మీద, వినికిడి మీద.

అందుకే 1 మి.లీ. మందుకు 3 మి.లీ. నార్మల్ సెలైన్ కలపండి. మి.లీ.కి 10 మి.గ్రా. అవుతుంది. అందులోంచి 0.75 మి.లీ.ను 1 మి.లీ. సిరంజిలో తీయండి. ఆర్డరులో .5 అని కాక 0.5 అని, 5.0 అని కాక 5 అని రాయాలి. తర్వాతి డోసు తేదీ, టైము కూడా అక్కడే ఉండాలి.

డోసును రెండో మనిషి కూడా లెక్క చూసే డబుల్ చెక్ చాలాచోట్ల పేరుకే జరుగుతుంది. "0.75, కరెక్టేనా సిస్టర్?" అంటే "ఆ" అనే వస్తుంది. జవాబు చెప్పకుండా బరువు, ఆర్డరు, ఆంప్యూల్ చూపించి "ఎంత వస్తుంది?" అని అడగండి. నైట్ డ్యూటీలో అన్ని మందులకూ ఇది కుదరదు. జెంటామైసిన్, అమికాసిన్, డోపమిన్, ఇన్సులిన్, పొటాషియం క్లోరైడ్‌లకు మాత్రం వదలొద్దు. రెండో సిస్టర్ లేకపోతే డ్యూటీ డాక్టరే లెక్క చూడాలి. పొటాషియం ఆంప్యూళ్లను డిస్టిల్డ్ వాటర్ పక్కన ఉంచకుండా వేరే పెట్టెలో తాళం వేసి పెట్టండి.

ఇదంతా నిలబడేది సిస్టర్ నోరు తెరవగలిగితేనే. "సార్, డోసు ఎక్కువనిపిస్తోంది, ఒకసారి లెక్క చూద్దాం" అని చెప్పాలి. పట్టించుకోకపోతే మళ్లీ చెప్పాలి. అప్పటికీ తేలకపోతే మందు ఎక్కించకుండా ఇన్‌చార్జికి ఫోన్ చేయాలి. అలా ఆపినందుకు ఎవరూ ఏమీ అనరని ఇన్‌చార్జి డాక్టరే రౌండ్స్‌లో అందరి ముందూ చెప్పాలి. సిస్టర్లు ఆ మాట ఆయన నోట వినకపోతే నమ్మరు.

ఇవ్వబోయి ఆగిన తప్పులకూ ఒక రిజిస్టరు పెట్టండి. పేర్లొద్దు. ఏ మందు, ఎన్ని గంటలకు, ఎలా పట్టుకున్నారు, ఆ షిఫ్టులో ఒక్కో సిస్టర్‌కు ఎంతమంది బిడ్డలు, ఇవి చాలు. రిజిస్టరులో రాసినందుకు ఒక్కరికి మెమో ఇచ్చారా, ఆ తర్వాత పేజీలు ఖాళీగానే ఉంటాయి. తప్పులు మాత్రం ఆగవు. మొదట్లో ఎంట్రీలు పెరిగితే కంగారు పడొద్దు, ఇన్నాళ్లూ దాచినవి ఇప్పుడు బయటికొస్తున్నాయి. వారానికో 15 నిమిషాలు కూర్చుని ఒక్కదాన్నైనా సరిచేసి, ఏం మార్చారో అందరికీ చెప్పండి.

తప్పు డోసు బిడ్డకు వెళ్లిపోతే కారణాలు వెతకడం తర్వాత. వెంటనే డాక్టర్‌ను పిలవండి, తర్వాతి డోసు ఆపండి, మూత్రం ఎంత వస్తోందో కొలవండి, కిడ్నీల పనితీరు చూపే క్రియాటినిన్ పరీక్షకు రక్తం పంపండి. డిశ్చార్జికి ముందు వినికిడి పరీక్ష ఉండాలని షీటులో రాయండి. తల్లిదండ్రులకు ఆ రోజే, వాళ్లకర్థమయ్యే మాటల్లో చెప్పాలి. ఆ పని డాక్టరే చేయాలి, సిస్టర్ మీదికి నెట్టకూడదు.