హిరోషిమా రోజు తరగతికి రెండు మ్యాపులు

ఆగస్టు 6న చాలా బళ్లలో ప్రార్థనలో రెండు నిమిషాల మౌనం పాటిస్తారు, ఒక వక్తృత్వ పోటీ పెడతారు, కాగితపు కొంగలు మడతపెట్టిస్తారు. పిల్లలకు చివరికి గుర్తుండేది కొంగలే. మన దగ్గర అణుబాంబు ఉంటే ఎదుటివాడు భయపడి ఊరుకుంటాడనే మాట మాత్రం వాళ్లు టీవీలో రోజూ వింటారు. అణు నిరోధం అనే ఆ మాట లోపల ఏముందో విజయవాడలో తొమ్మిది, పది తరగతుల వాళ్లకు తొంభై నిమిషాల్లో చూపించే పద్ధతి ఇది. ప్రొజెక్టర్ అక్కర్లేదు. ఆగస్టులో కరెంటును నమ్ముకోకపోవడమే మేలు.

బాంబు పేలిన సమయమని సరిగ్గా 8:15కే మౌనం పాటించాలని పట్టుబట్టకండి. జపాన్‌లో ఉదయం 8:15 అంటే మనకు తెల్లవారుజామున 4:45.

ముందురోజు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ నుంచి రెండు ఊళ్ల మ్యాపులు తీసుకోండి. ఒకటి విజయవాడ, రెండోది పాకిస్తాన్‌లో సింధు నది ఒడ్డున ఉన్న సుక్కూర్. రెండింటి మీదా స్కేలు గీత పడాలి. జెరాక్స్ షాపులో కిలోమీటరు 4 సెంటీమీటర్లు వచ్చేలా పెద్దవి చేయించండి. వీటి మీద బాంబు దెబ్బ ఎంత దూరం తాకుతుందో చూపే మూడు వలయాలు గీయాలి. ఇక్కడే ఎక్కువ మంది దెబ్బతింటారు: పెద్ద వలయం వ్యాసం 36 సెంటీమీటర్లు, ఏ3 కాగితం వెడల్పు 30 కూడా ఉండదు. ఒక్కో ఊరికి రెండు ఏ3లు పక్కపక్కన అతికించాలి. షాపతను చెప్పిన శాతాన్ని నమ్మకుండా స్కేలు గీతను రూలర్‌తో కొలవండి. 4 బదులు 3.8 వస్తే కింద చెప్పిన కొలతలన్నీ 0.95తో గుణించుకోండి.

జామెట్రీ బాక్సులోని వృత్తలేఖిని 18 సెంటీమీటర్లకు తెరుచుకోదు. పురికొస కట్టి గీస్తే సాగి వలయం గుడ్డు ఆకారంలోకి వెళ్తుంది. పెళ్లికార్డు అట్టను సన్నగా కోసి, ఒక చివర గుండుసూది గుచ్చి, అక్కణ్నుంచి 4.8, 8, 18 సెంటీమీటర్ల దగ్గర పెన్సిల్ మొన పట్టే రంధ్రాలు చేయండి.

మొదటి మ్యాపు విజయవాడ. సూది రైల్వే స్టేషన్ మీద గుచ్చండి. ఏ బడి మీదా, ఏ పిల్లాడి ఇంటి మీదా గుచ్చవద్దు. హిరోషిమా మీద పేలింది సుమారు 15 కిలోటన్నుల బాంబు (అంటే 15 వేల టన్నుల టీఎన్‌టీ పేలుడు మందుతో సమానం), నేలకు దాదాపు 600 మీటర్ల ఎత్తులో. మొదటి వలయం 1.2 కిలోమీటర్లు: హిరోషిమాలో ఆ దూరంలో ఉన్నవాళ్లలో దాదాపు సగం మంది ఆ రోజే చనిపోయారు. రెండోది 2 కిలోమీటర్లు: దాని లోపలి ఇళ్లు దాదాపు అన్నీ కూలాయి, కాలాయి. మూడోది 4.5 కిలోమీటర్లు: కిటికీ అద్దాలు పగిలి ఒంట్లో దిగే దూరం. గీసింది పిల్లలే కాబట్టి వన్‌టౌన్, గవర్నర్‌పేట, బస్టాండు రెండో వలయంలో పడ్డాయని మీరు చెప్పనక్కర్లేదు.

ఇంద్రకీలాద్రి అడ్డుంటే భవానీపురం బతుకుతుందిగా అని ఒకరైనా అడుగుతారు. మంచి ప్రశ్న. నాగసాకి బాంబు హిరోషిమా దానికన్నా పెద్దది, సుమారు 21 కిలోటన్నులు. అయినా అక్కడ చనిపోయినవాళ్లు తక్కువ. కొండలు అడ్డుపడటం దానికి ఒక కారణం. 1945 చివరికి హిరోషిమాలో దాదాపు 1,40,000, నాగసాకిలో 70,000కు పైగా చనిపోయారు. బాంబు పదిరెట్లు పెద్దదైతే వలయం కూడా పదిరెట్లా అన్నది ఇంకో ప్రశ్న. కాదు. పేలుడు తాకిడి దూరం ఘనమూలం లెక్కన పెరుగుతుంది, పదిరెట్లకు 2.15 రెట్లు. లెక్కల మాస్టారు పక్కన ఉంటే ఈ ముక్క ఆయనకే వదిలేయండి.

ఇప్పుడు ఆసుపత్రులను ఎర్ర స్కెచ్‌తో గుర్తించమనండి. హనుమాన్‌పేట పాత ఆసుపత్రి రెండో వలయం లోపలే ఉంటుంది. హిరోషిమాలో 300 మంది డాక్టర్లలో 270 మంది, 1,780 మంది నర్సుల్లో 1,654 మంది చనిపోవడమో గాయపడటమో జరిగింది.

ఇక సీసాలు. అర లీటరు ఖాళీ నీళ్ల సీసాలు 16 తెచ్చి తాడుకు కట్టి తరగతికి అడ్డంగా వేలాడదీయండి. ఒళ్లు నలభై శాతం కాలిన 50 కిలోల మనిషికి మొదటి 24 గంటల్లో ఎక్కించాల్సిన ఆర్‌ఎల్ (రింగర్ లాక్టేట్) సెలైన్ లెక్క ఇది: 4 మిల్లీలీటర్లు × 50 × 40, అంటే 8 లీటర్లు. అందులో సగం, ఎనిమిది సీసాలు, కాలిన మొదటి ఎనిమిది గంటల్లోనే వెళ్లాలి. ఇది ఒక్క మనిషికి. ఆ తాడు కింద అటూ ఇటూ నడిస్తే చాలు, ఫొటోలు అక్కర్లేదు. కాలిన ఒంటి ఫొటోలు ఈ వయసువాళ్లకు అసలు చూపించకండి, వాళ్లు కళ్లు మూసుకుంటారు తప్ప ఆలోచించరు. ఆసుపత్రి నుంచి వాడేసిన సెలైన్ సీసాలు తేవడం కూడా వద్దు.

అరగంట గడిచేసరికి పిల్లల్లో కోపం వస్తుంది, మనమూ వెయ్యాలి అంటారు. రెండో మ్యాపు తీయాల్సింది అప్పుడే. దీన్ని వదిలేస్తే తరగతంతా వృథా. మొదటి మ్యాపుతో ఆపితే పిల్లలు భయం ఒక్కటే నేర్చుకుని ఇంటికెళ్తారు.

సుక్కూర్‌కీ నది మీద బ్యారేజీ ఉంది, 1932 నాటిది, కట్టినప్పుడు 66 తలుపులు. మన ప్రకాశం బ్యారేజీకి 70. నది అవతల రోహ్రి జంక్షన్. పిల్లల చేతే బ్యారేజీ, స్టేషన్, ఆసుపత్రులు, బళ్లు వెతికించి గుర్తులు పెట్టించండి. తర్వాత అదే అట్ట, అవే రంధ్రాలు. మీరు గీయకండి, వాళ్లకే ఇవ్వండి. ఎవరైనా గీయనంటే బలవంతం వద్దు, ఎందుకని కూడా అడగవద్దు.

గీశాక మన దేశ అణు విధానం చదివి వినిపించండి. 2003 జనవరిలో ప్రకటించిన దాని ప్రకారం భారత్ ముందుగా అణ్వస్త్రం వాడదు, మన మీద వాడితే తిరిగి కొట్టే దెబ్బ భారీగా ఉంటుంది. ఇప్పుడు ఒకే ప్రశ్న: మొదటి మ్యాపు నిజమైపోయింది. రెండోది నిజం చేస్తే విజయవాడలో చనిపోయినవాళ్లలో ఎవరు తిరిగి బతుకుతారు? ఎవరూ బతకరు. మరి మనం తిరిగి కొట్టబోమని ముందే తెలిస్తే ఎదుటివాడు భయపడడు. బెదిరింపు పనిచెయ్యాలంటే, పనికిరాని రోజున కూడా సుక్కూర్ బళ్లను కాల్చడానికి నిజంగా సిద్ధంగా ఉండాలి. ఆ సిద్ధపాటు మన పేరు మీదే, ఈ రోజు కూడా ఉంది. సుక్కూర్ టీచరు చేతిలో మ్యాపు ఉంటే ఆమెదీ ఇదే చిక్కు.

అవతలి వాదన కూడా నిజాయితీగా చెప్పాలి. 1945 తర్వాత యుద్ధంలో ఎవరూ అణుబాంబు వాడలేదు, అది చిన్న విషయం కాదు. అయితే 1998 మేలో రెండు దేశాలూ అణు పరీక్షలు జరిపాయి, ఏడాది తిరక్కుండానే కార్గిల్ వచ్చింది.

చివరి ఇరవై నిమిషాలకు గడియారం ఆట. ఐదుగురి చొప్పున గుంపులు, సమయం ఏడు నిమిషాలు. మొదట ‘ఒక క్షిపణి వస్తోంది’ అని చీటీ, నిమిషం తర్వాత ‘ఇంకా నాలుగు’, మూడో నిమిషంలో ‘నేలమీది రాడార్లలో ఏమీ లేదు’. తిరిగి కొట్టాలా వద్దా అన్న నిర్ణయం ఏడో నిమిషానికి రాసివ్వాలి. ఎవరేం రాసినా తప్పు పట్టకండి. తర్వాత చెప్పండి: 1983 సెప్టెంబరు 26న సోవియట్ అధికారి స్తానిస్లావ్ పెత్రోవ్‌కు తెరమీద కనబడినవి ఐదే. నిజంగా దాడి చేసేవాళ్లు ఐదింటితో మొదలుపెట్టరని అనుకుని, తప్పుడు హెచ్చరికేనని పైకి చెప్పాడు. ఉపగ్రహాన్ని మోసం చేసింది మేఘాల మీద మెరిసిన ఎండ. 2022 మార్చి 9న మన బ్రహ్మోస్ క్షిపణి ఒకటి పొరపాటున ఎగిరి పాకిస్తాన్‌లో మియాఁ చన్నూ దగ్గర పడింది. అందులో పేలుడు పదార్థం లేదు, ఎవరికీ ఏమీ కాలేదు.

కడప జిల్లా తుమ్మలపల్లెలోని యురేనియం గని సంగతి ఎవరైనా ఎత్తితే ఇంకో రోజుకు వాయిదా వేయండి. కరెంటూ బాంబూ కలిసిపోతే రెండూ అర్థం కావు.

హెడ్మాస్టరుకు వారం ముందే రెండు మ్యాపుల సంగతి చెప్పి ఉంచండి. శత్రుదేశం మీద జాలి నేర్పుతున్నారని ఒక తల్లో తండ్రో రావచ్చు. వాళ్లకు ఉపన్యాసం ఇవ్వకండి, విధానం కాగితం, పిల్లల చీటీలు చూపించండి. మ్యాపులు మాత్రం గోడకు వదలకండి. ముందూ వెనకా తెలియని ఆరో తరగతి పిల్లలు చూసి జడుసుకుంటారు.