"నాకేం, బాగానే ఉన్నా" అనే పిల్లలతో ఒంటి గురించి ఎలా మాట్లాడాలి

పదిహేనేళ్ల పిల్లల్ని "ఒంట్లో ఎలా ఉంది?" అని అడిగి చూడండి. జ్వరం లేదు కాబట్టి బాగానే ఉందంటారు, లేదంటే లావయ్యానని, బక్కగా ఉన్నానని, మొటిమలొచ్చాయని చెబుతారు. నిద్ర, ఆకలి, ఆయాసం గురించి ఎవరూ చెప్పరు, ఎందుకంటే మనం వాళ్లని ఎప్పుడూ వాటి గురించి అడగలేదు.

ముందు ఇంట్లో మాటలు మారాలి. పండక్కి ఊరెళితే "ఏంటే ఇలా ఊరిపోయావ్", "ఏరా, గాలొస్తే ఎగిరిపోయేలా ఉన్నావ్" అంటారు. పిల్లలు అక్కడ నవ్వేసి, ఇంటికొచ్చాక రెండు ముద్దలు తగ్గించేస్తారు. అలా అన్నప్పుడు పిల్ల వింటుండగానే "దాని ఒంటి గురించి వద్దు పిన్నీ" అనండి. చాటుగా చెబితే తన వైపు మాట్లాడారని పిల్లకెలా తెలుస్తుంది?

మా అమ్మాయి సన్నగా ఉంటుంది, "నీకేంటే, ఫిట్‌గా ఉన్నావ్" అని ఫ్రెండ్స్ అంటుంటే తనూ నమ్మింది, నేనూ నమ్మాను. మాది మూడో అంతస్తు, లిఫ్టు లేదు. రోజూ రెండో అంతస్తు దగ్గర గోడకి చెయ్యి ఆనించి ఆగేది, బ్యాగు బరువేమో అనుకున్నాను. ఓ రోజు కింది కనురెప్ప లాగి చూస్తే లోపల తెల్లగా పాలిపోయి ఉంది. టెస్టు చేయిస్తే హిమోగ్లోబిన్ 9.2, ఆ వయసు ఆడపిల్లకి కనీసం 12 ఉండాలి, మగపిల్లలకైతే 13. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-19 ఏళ్ల ఆడపిల్లల్లో 59 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది, పక్క బెంచీ పిల్లా ఇలాగే నీరసంగా ఉంటే ఇది జబ్బని ఎవరికి తోస్తుంది!

అందుకే విడివిడిగా అడగండి. మెట్లెక్కితే గుండె దడ వస్తోందా, పొద్దున లేచేసరికి నిద్ర తీరుతోందా (ఈ వయసుకి 8 నుంచి 10 గంటలు కావాలి), నెలసరి ఎన్ని రోజులుంటోంది, రోజుకి ఎన్ని ప్యాడ్లు మారుస్తోంది. మగపిల్లల్నీ అడగండి, జిమ్ వీడియోలు చూసి కండ ఒక్కటే ఆరోగ్యమనుకుంటున్నారు. ఫోన్లో పెద్దవాళ్ల బీఎంఐ (ఎత్తుకి తగ్గ బరువుందా అనే) లెక్కతో చూసుకుంటుంటే ఆపండి, 19 ఏళ్ల వరకు వయసును బట్టి, ఆడా మగా బట్టి చార్టు వేరు.

స్కూల్లో వారానికోసారి ఇచ్చే నీలం ఐరన్ మాత్రని వికారమని పారేస్తుంటారు. అన్నం తిన్నాక వేసుకోమనండి, వెంటనే టీ మాత్రం వద్దు. హిమోగ్లోబిన్ బాగా తక్కువుంటే అది చాలదు, డాక్టర్ రాసిన డోసే వాడాలి. విరేచనం నల్లగా వస్తుందని, అది మామూలేనని ముందే చెప్పండి, మా అమ్మాయి ఆ భయంతోనే నాకు చెప్పకుండా నాలుగు రోజులు మాత్రలు మానేసింది.