పికప్ వెనక దించాను, వణుకు పట్టుకుంది
పికప్ వెనక భాగం కిందికి దించడానికి, కమాన్ పట్టీల కింద ఉన్న యాక్సిల్‌ను పైకి మార్చాను. దాదాపు 5 అంగుళాలు దిగింది. చూడ్డానికి ముచ్చటగానే ఉంది కానీ, చిన్న గుంతకే యాక్సిల్ ఛాసిస్‌కి ధన్‌మని తగిలేది. ఆ చోట ఛాసిస్‌ను అర్ధచంద్రంలా కోసి, మందపాటి ఉక్కు ప్లేటు వెల్డ్ చేశాను. పొట్టి షాక్ అబ్జార్బర్లు, రబ్బరు స్టాపర్లు వేశాను.

అయిపోయిందనుకున్నా. 60 కిలోమీటర్ల వేగం దాటగానే బండంతా వణుకు! చక్రాల బ్యాలెన్సింగ్ రెండుసార్లు చేయించాను, దండగ. తప్పు నాదే, యాక్సిల్ సీట్లు (యాక్సిల్ మీద పట్టీలు ఆనే ఇనుప దిమ్మలు) వెల్డ్ చేసేటప్పుడు కోణం చూసుకోలేదు. బండిని చక్రాల మీదే నిలబెట్టి కొలిచాను. గేర్‌బాక్స్ షాఫ్ట్‌తో పోలిస్తే డిఫరెన్షియల్ ముక్కు (గేర్‌బాక్స్ నుంచి వచ్చే పొడవాటి షాఫ్ట్ యాక్సిల్‌కి కలిసే చోటు) 4 డిగ్రీలు పైకి ఉంది. ఈ రెండూ దాదాపు సమాంతరంగా లేకపోతే ఆ పొడవాటి షాఫ్ట్ వణుకుతుంది. పట్టీకీ సీటుకీ మధ్య 5 డిగ్రీల ఏటవాలు పలకలు పెట్టి, ముక్కు 1 డిగ్రీ కిందికి ఉంచాను. యాక్సిలరేటర్ తొక్కితే అది ఎలాగూ పైకి లేస్తుంది. వణుకు పోయింది.